దిండు కాదు.. పుట్టినరోజు కేకు!

* కోతలోనే ఆకారం.. చల్లదనంతోనే నిలకడ
* ముడత పడినా అందమే.. తొలిసారి చేసేవారికి అనువు
* రంగులు, చక్కెర ముత్యాలతో అప్రమత్తత అవసరం

నరసరావుపేట: పుట్టినరోజు అంటే ఒకప్పుడు తలంటు, కొత్త బట్టలు, గుడిలో అర్చన, ఇంట్లో సేమ్యా పాయసం. వీధిలోని పిల్లలకు తలా రెండు చాక్లెట్లు పంచితే వేడుక ముగిసేది. ఇప్పుడు మారుమూల పల్లెల్లో సైతం కేకు కోయనిదే పుట్టినరోజు జరిగినట్లు పిల్లలు ఒప్పుకోవడం లేదు. అదీ గుండ్రటి కేకు అయితే మొహం ముడుచుకుంటున్నారు. కారు, బొమ్మ, పుస్తకం, కిరీటం.. తమకు నచ్చిన వస్తువు ఆకారంలోనే కావాలని పట్టుబడుతున్నారు. ఈ కోవలోకి చేరిందే దిండు కేకు. నాలుగు మూలలా కుచ్చులు, అంచు చుట్టూ తాడు, నడుమ గళ్ల కుట్టు, పైన పాపాయి పేరు.. చూసినవారు తల వాల్చుకోవచ్చా అని అడిగేలా ఉండటం దీని ప్రత్యేకత.

పసిబిడ్డకు ఆవాల దిండు, పెద్దలకు బూరుగుదూది తలగడ, దానిపై రంగుదారాలతో పువ్వులు కుట్టిన గలీబు తెలుగు ఇళ్లలో తరతరాలుగా ఉన్నవే. అందుకే ఈ ఆకారం ఎవరికీ కొత్తగా అనిపించదు. అయితే దీన్ని దుకాణంలో చేయించాలంటే మామూలు కేకు కంటే ఎక్కువ ఖర్చవుతుంది. ఇంట్లోనే చేయాలని మొదలుపెట్టే తల్లులు చాలామంది మధ్యలో చేతులెత్తేస్తున్నారు. మూలలు విరిగిపోవడం, పైపూత కరిగి జారిపోవడం, వేడుక వేళకు దిండు కాస్తా అట్టులా చదునైపోవడం మామూలుగా ఎదురయ్యే ఇబ్బందులు. వీటికి కారణం చేతివాటం లేకపోవడం కాదు. కేకును ఏ దశలో కోయాలి, ఎప్పుడు చల్లబరచాలి, దేనిపై ఏది వేయాలి అన్న వరుస తెలియకపోవడమే. ఆ వరుస తెలిస్తే ఓటీజీ ఉన్న ఇంట్లోనే కాదు, కుక్కరు మాత్రమే ఉన్న ఇంట్లోనూ దిండు కేకు సాధ్యమే.

మెత్తని కేకు పనికిరాదు

దిండు చూడటానికి మెత్తగా ఉండాలి గానీ, కేకు మాత్రం కాస్త గట్టిగానే ఉండాలి. దూదిలా తేలికగా ఉండే స్పాంజి కేకును కత్తితో ఏటవాలుగా కోస్తే పొడిపొడిగా రాలుతుంది. పైన వేసే చక్కెర ముద్ద బరువుకు కుంగిపోతుంది. వెన్న, చక్కెర, గుడ్లు, మైదా దాదాపు సమాన తూకంలో పడే వెన్న కేకు ఇందుకు సరైనది.

8 అంగుళాల చతురస్రపు డబ్బాకు 200 గ్రాముల ఉప్పులేని వెన్న, 200 గ్రాముల చక్కెర పొడి, 4 గుడ్లు, 200 గ్రాముల మైదా, ఒకటిన్నర చెంచా బేకింగ్ పౌడరు, ఒక చెంచా వెనిలా ఎసెన్సు, మూడు నాలుగు పెద్ద చెంచాల పాలు సరిపోతాయి. ఇలాంటి కేకులు రెండు చేసుకోవాలి. ఒకటి దిండు పైభాగం, రెండోది కింది భాగం అవుతాయి.

వెన్న, గుడ్లు ఫ్రిజ్ నుంచి గంట ముందే తీసి బయట ఉంచాలి. వెన్న, చక్కెర తెల్లగా నురగ తేలేవరకు గిలకొట్టి, గుడ్లను ఒక్కొక్కటిగా కలపాలి. మిశ్రమం విరిగినట్లు కనిపిస్తే ఒక చెంచా మైదా వేస్తే సర్దుకుంటుంది. జల్లించిన మైదా, బేకింగ్ పౌడరు వేశాక మాత్రం ఎక్కువసేపు కలపకూడదు. అలా చేస్తే మైదాలోని జిగురు పెరిగి కేకు సాగుతుంది. ఓటీజీని 170 డిగ్రీల వద్ద పది పదిహేను నిమిషాలు ముందుగా వేడిచేసి, 40 నుంచి 45 నిమిషాలు ఉడకనివ్వాలి. నడుమ పుల్ల గుచ్చి తీస్తే పిండి అంటకుండా రావాలి.

గుడ్డు తినని ఇళ్లలో 250 గ్రాముల మైదా, 400 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా ఒకటి, 100 గ్రాముల కరిగించిన వెన్న, 200 మిల్లీలీటర్ల పాలు, ఒక చెంచా బేకింగ్ పౌడరు, అర చెంచా వంటసోడా, ఒక పెద్ద చెంచా వెనిగర్‌తో ఒక కేకు చేసుకోవచ్చు. ఇది గుడ్ల కేకు కంటే త్వరగా పొడి రాలుతుంది. కనుక కోసేముందు మరింత ఎక్కువసేపు చల్లబరచవలసి ఉంటుంది.

కుక్కరులో అయితే సగమే

ఓటీజీ లేనివారు పాత కుక్కరును వాడుకోవచ్చు. అడుగున వేలు మందాన ఉప్పు లేదా శుభ్రమైన ఇసుక పోసి, దానిపై స్టాండు పెట్టి, రబ్బరు, విజిల్ తీసేసి మూత పెట్టాలి. నీరు పోయకూడదు. పది నిమిషాలు మధ్యస్థంగా వేడయ్యాక పిండి డబ్బా లోపల ఉంచి, మంట బాగా తగ్గించి 45 నుంచి 50 నిమిషాలు ఉంచాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. 5 లీటర్ల కుక్కరులో 8 అంగుళాల చతురస్రపు డబ్బా పట్టదు. అయిదున్నర అంగుళాల డబ్బా పడుతుంది. దాని వైశాల్యం పెద్ద డబ్బాలో దాదాపు సగం కాబట్టి పైన చెప్పిన కొలతలన్నీ సగం చేసుకుంటే లెక్క సరిపోతుంది. పది, పదిహేను మంది పిల్లలకు ఆ చిన్న దిండు చాలు. ఒకే కుక్కరులో రెండు కేకులూ ఒకదాని తరువాత ఒకటి చేసేటప్పుడు రెండోదానికి సరిపడా పిండిని అప్పటికప్పుడే కలుపుకోవాలి. ముందే కలిపి గంటసేపు ఉంచితే బేకింగ్ పౌడరు సత్తువ తగ్గి కేకు పొంగదు.

బటర్ పేపర్‌తో అచ్చు

దిండు ఆకారమంతా కోతలోనే ఉంది. కేకు పూర్తిగా చల్లారాక పలుచని ప్లాస్టిక్ కాగితం చుట్టి, రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచిన తరువాతే కత్తి పట్టాలి. వెన్న గట్టిపడటం వల్ల కేకు రాలకుండా సబ్బుబిళ్లలా తెగుతుంది. వేడి మీద కోస్తే ఎంత నేర్పరి చేతిలోనైనా ముక్కలవుతుంది.

నిజమైన దిండును పరికిస్తే రెండు విషయాలు గమనించవచ్చు. ఒకటి, నడుమ ఎత్తుగా, అంచులకు వచ్చేసరికి పలుచగా ఉంటుంది. రెండోది, దాని పక్కలు తిన్నగా ఉండవు. మూలలు ముందుకు పొడుచుకొచ్చి, నడుమ కొద్దిగా లోపలికి వంగుతాయి. ఈ రెండోది వదిలేస్తే కేకు దిండులా కాక పరుపులా కనిపిస్తుంది.

8 అంగుళాల బటర్ పేపర్‌ను నాలుగు మడతలు పెట్టి, బయటి అంచుల వెంట మూల నుంచి మడత వైపు సన్నని విల్లులా కత్తిరించాలి. మూల వద్ద ఏమీ పోకుండా, మడత వద్ద ఒకటిన్నర సెంటీమీటర్లు లోపలికి రావాలి. విప్పితే నాలుగు వైపులా ఒకే వంపుతో దిండు అచ్చు సిద్ధమవుతుంది. అచ్చు కోసం పాత దినపత్రిక కాగితం వాడటం మంచిది కాదు. పత్రికల్లోని సిరా ఆహారంలోకి చేరితే హాని అని, వాటిలో తినే పదార్థాలు పెట్టవద్దని భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2016లోనూ, మళ్లీ 2023లోనూ హెచ్చరించింది.

అచ్చును రెండు కేకులపైనా ఉంచి పక్కలు కోయాలి. తరువాత పైభాగానికి ఉద్దేశించిన కేకుపై అంచు నుంచి 5 సెంటీమీటర్ల లోపల గీత గీసుకుని, అక్కడి నుంచి అంచు వైపు ఏటవాలుగా కోయాలి. అంచు వద్ద ఒక సెంటీమీటరు మందం మిగలాలి. రంపపు పళ్లున్న బ్రెడ్డు కత్తిని నొక్కకుండా ముందుకు వెనక్కు ఆడిస్తే కోత నున్నగా వస్తుంది. ఒకేసారి లోతుగా కాక పలుచని పొరలుగా తీయడం క్షేమం. తీసిన ముక్కను తిరిగి అతికించడం కష్టం.

కింది కేకును కూడా ఇలాగే కోసి బోర్లించాలి. అయితే దీనికి ఏటవాలు 3 సెంటీమీటర్లకు మించకూడదు. మొత్తం బరువు నిలిచేది దీనిపైనే. అడుగు భాగం మరీ చిన్నదైతే మూలలు గాలిలో వేలాడి, గంట రెండు గంటల్లో విరిగి పడతాయి. కేకులు మందపాటి అట్టపై పేర్చాక, వేలాడే మూలల కింద తరిగిన కేకు ముద్దలో కాస్త క్రీము కలిపి ఆసరాగా నొక్కితే ఆ భయం ఉండదు.

తరిగిన ముక్కలు సుమారు పావుకిలో పైనే వస్తాయి. వాటిని పొడిచేసి, మిగిలిన క్రీముతో కలిపి లడ్డూలు చుడితే పిల్లలకు మరో తినుబండారం అవుతుంది.

ఎండ కాలానికి చాక్లెట్ పూత

రెండు కేకుల నడుమ క్రీము రాసి పేర్చాక, మొత్తం కేకుపై పలుచని పూత వేయాలి. ఇది రాలే పొడిని పట్టి ఉంచుతుంది. దీన్ని అరగంట ఫ్రిజ్‌లో గట్టిపడనిచ్చి, ఆపై రెండో పూత నున్నగా వేయాలి. చిన్న గుంటలు, పగుళ్లు ఇక్కడే పూడ్చుకోవాలి.

పూత దేనితో వేయాలన్నది కాలాన్ని బట్టి తేల్చుకోవాలి. శీతకాలంలో 200 గ్రాముల వెన్న, 350 గ్రాముల ఐసింగ్ షుగర్ గిలకొట్టిన వెన్న క్రీము చాలు. వెన్న 32 నుంచి 35 డిగ్రీల వద్దే కరుగుతుంది. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. అలాంటి వేళ ఏసీ లేని ఇంట్లో వెన్న క్రీము నిలవదు. అప్పుడు 500 గ్రాముల డార్క్ చాక్లెట్‌కు 200 గ్రాముల క్రీము చొప్పున కలిపిన మిశ్రమం మేలు. క్రీమును పొంగు వచ్చేముందు దించి, తరిగిన చాక్లెట్‌పై పోసి అయిదు నిమిషాలు ఆగి కలపాలి. చల్లారాక అది వెన్నలా రాయడానికి వీలవుతుంది. గట్టిపడితే పెంకులా కేకును కాపాడుతుంది.

బేకరీ కేకులపై కనిపించే గిలకొట్టిన తెల్ల క్రీమును మాత్రం చక్కెర ముద్ద కింద వాడకూడదు. అందులోని తడికి ముద్ద కరిగి జారుతుంది.

చపాతీలా ఒత్తాలి

దిండుకు గలీబు తొడిగినట్లు కేకుపై కప్పే చక్కెర ముద్దనే ఫాండెంట్ అంటారు. 8 అంగుళాల కేకుకు కిలో వరకు కావాలి. పట్టణాల్లోని బేకరీ సామగ్రి దుకాణాల్లో సిద్ధంగా దొరుకుతుంది. ఇంట్లో చేసుకోదలిస్తే 60 మిల్లీలీటర్ల నీటిలో 10 గ్రాముల జెలటిన్ నానబెట్టి, వేడి నీటి గిన్నెపై ఉంచి కరిగించాలి. అందులో 120 మిల్లీలీటర్ల లిక్విడ్ గ్లూకోజ్, 15 మిల్లీలీటర్ల తినదగిన గ్లిజరిన్, రెండు చెంచాల వెన్న కలపాలి. ఈ మిశ్రమాన్ని సుమారు 900 గ్రాముల ఐసింగ్ షుగర్‌లో కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ పిండిలా పిసికి, గాలి తగలకుండా చుట్టి ఒక రాత్రి ఉంచాలి. ఇంట్లో మిక్సీ పట్టిన చక్కెరలో సన్నని పలుకులు మిగిలి ముద్ద పగుళ్లిస్తుంది. అందుకే దుకాణంలో దొరికే మెత్తని ఐసింగ్ షుగరే వాడాలి.

జెలటిన్ జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. శాకాహారులు ఈ విషయం గుర్తుంచుకోవాలి. జిగురు పదార్థాలతో చేసిన శాకాహార ముద్ద కూడా బజారులో దొరుకుతుంది. ప్యాకెట్‌పై ఆకుపచ్చ గుర్తు చూసి కొనాలి.

వాతావరణం ముద్దపై ప్రభావం చూపుతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీర ప్రాంతాల్లో గాలిలోని తేమకు ముద్ద చేతులకు అంటుకుంటుంది. అక్కడ కొద్దిగా మొక్కజొన్న పిండి కలిపి పిసకాలి. అనంతపురం వంటి పొడి ప్రాంతాల్లో ఇందుకు విరుద్ధంగా త్వరగా ఎండి పగులుతుంది. అక్కడ చేతులకు కాస్త వనస్పతి రాసుకుని పిసకడం, వాడని ముద్దను ఎప్పటికప్పుడు కప్పి ఉంచడం అవసరం.

పీటపై మొక్కజొన్న పిండి చల్లి, అప్పడాల కర్రతో సుమారు 40 సెంటీమీటర్ల చదరంగా, 3 నుంచి 4 మిల్లీమీటర్ల మందాన ఒత్తాలి. అంతకంటే పలుచనైతే చిరుగుతుంది. మందమైతే బరువెక్కి, తినడానికీ ఎబ్బెట్టుగా ఉంటుంది. ఒత్తిన పొరను కర్రకు చుట్టుకుని కేకుపై విప్పాలి. ముందు నడుమ, తరువాత పక్కలు అరచేతితో నిమురుతూ అంచులను కిందికి దోపాలి. నాలుగు మూలలా మిగిలిన పొరను రెండు వేళ్లతో దగ్గరకు నొక్కి, అదనపు ముక్కను కత్తెరతో తీసేయాలి.

ముడతే అందం

గుండ్రటి కేకుపై ఒక్క ముడత పడినా లోపంగా కనిపిస్తుంది. దిండు కేకుకు ఆ బాధ లేదు. నిజమైన దిండు మూలల వద్ద గలీబు ముడతలు పడే ఉంటుంది. కనుక మూలల నుంచి నడుమ వైపు కత్తి వెన్నుతో నాలుగైదు సన్నని గీతలు నొక్కితే, అనుకోకుండా పడిన ముడతలూ వాటిలో కలిసిపోతాయి. నడుమ అరచేతితో సున్నితంగా అదిమితే ఇప్పుడే ఎవరో తల పెట్టి లేచినట్లు పల్లం ఏర్పడుతుంది. ఆకారపు కేకులు తొలిసారి చేసేవారికి కారు, బొమ్మల కంటే దిండు అనువైనదనడానికి కారణమిదే.

గళ్ల కుట్టు కావాలంటే కప్పిన పది నిమిషాల్లోపే స్కేలు అంచుతో ఏటవాలుగా, 4 సెంటీమీటర్ల ఎడంతో అటూ ఇటూ గీతలు నొక్కాలి. ఆలస్యమైతే పై పొర ఎండి పగులుతుంది. మిగిలిన ముద్దను రెండు సన్నని తీగలుగా చేసి, జడలా మెలిపెట్టి, పై, కింది భాగాలు కలిసే చోట నీటి తడితో అతికిస్తే దిండు అంచు తాడు సిద్ధం. మూలల్లో కత్తిరించిన చోట్లు కూడా దాని కింద మరుగున పడతాయి.

కుచ్చులకు ప్రత్యేక పనిముట్లు కొననక్కర్లేదు. జంతికల గొట్టంలో సన్న కారప్పూస బిళ్ల వేసి, కాస్త వనస్పతితో మెత్తబరచిన ముద్దను ఒత్తితే దారపు పోగుల్లా వస్తాయి. పది పన్నెండు పోగులను ఒకచోట చేర్చి, పైన చిన్న పట్టీ చుట్టి మూలకు అతికించాలి. గొట్టానికి కారం, నూనె వాసన లేకుండా ముందే వేడి నీటితో కడుక్కోవాలి.

చివరగా పేరు. గోరింటాకు కోను మాదిరిగా బటర్ పేపర్‌ను చుట్టి, చివర సన్నగా కత్తిరించి, చిక్కని క్రీముతో రాస్తే సరి. అక్షరాలను చిన్న చిన్న చుక్కలుగా, గొలుసుకుట్టులా పెడితే గలీబుపై దారంతో కుట్టిన పేరులా కనిపిస్తుంది. తెలుగు అక్షరాల గుండ్రదనానికి ఈ పద్ధతి చక్కగా నప్పుతుంది. పేరు గట్టిగా నిలవాలని కొందరు పచ్చి గుడ్డు తెల్లసొనతో పూత కలుపుతుంటారు. పిల్లలు తినేదానిలో పచ్చి గుడ్డు తగదు. పచ్చి గుడ్లతో చేసే మయొనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న ఏడాదిపాటు నిషేధించిన సంగతి తెలిసిందే.

రంగు ఎంత.. హంగు ఎంత?

దిండు కేకు అందమంతా రంగులో ఉందనుకోవడం పొరపాటు. లేత గులాబీ, లేత నీలం, పాలతెలుపు రంగుల్లోనే అది నిజమైన దిండులా కనిపిస్తుంది. ముదురు రంగు రావాలంటే ఎక్కువ మోతాదు కలపాలి. అక్కడే ప్రమాదం పొంచి ఉంది.

మన దేశంలో ఆహారంలో వాడటానికి అనుమతించిన కృత్రిమ రంగులు ఎనిమిది మాత్రమే. అవి కూడా అనుమతి ఉన్న పదార్థాల్లో సాధారణంగా కిలోకు 100 మిల్లీగ్రాములకు మించకూడదు. అంటే కిలో చక్కెర ముద్దకు చిటికెడు కూడా ఎక్కువే. పీచు మిఠాయిలో రోడమిన్-బి అనే అద్దకపు రంగు బయటపడటంతో 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు దాని అమ్మకాన్ని నిషేధించాయి. అదే ఏడాది కర్ణాటక ఆహార భద్రత అధికారులు పరీక్షించిన 235 కేకు నమూనాల్లో 12 సురక్షితం కావని తేలింది. వాటిలో కృత్రిమ రంగులు మోతాదు మించి ఉన్నట్లు అధికారులు ప్రకటించారు.

కాగితపు పొట్లాల్లో విడిగా అమ్మే రంగులు కొనకూడదు. డబ్బాపై తయారీదారు పేరు, గడువు తేదీ, 14 అంకెల ఆహార భద్రత లైసెన్సు సంఖ్య ఉన్నాయో లేదో చూడాలి. నీళ్ల రంగు ముద్దను పలుచన చేస్తుంది. జెల్ రంగును పుల్ల కొనతో తీసుకుని కలిపితే తక్కువ మోతాదుతోనే పని జరుగుతుంది. అసలు కృత్రిమ రంగే వద్దనుకుంటే బీట్‌రూట్ రసాన్ని చిక్కగా మరిగించి రెండు చుక్కలు వేస్తే లేత గులాబీ, చిటికెడు పసుపుతో లేత పసుపు రంగు వస్తాయి. మెరుపు పొడుల విషయంలో మరింత జాగ్రత్త పాటించాలి. విషపూరితం కాదని రాసినంత మాత్రాన అది తినదగినదని అర్థం కాదు. తినదగినది అని స్పష్టంగా రాసి ఉంటేనే కేకుపై చల్లాలి.

పంచే ముందు తీసేయాలి

గళ్ల కుట్టు కలిసే చోట్ల పెట్టే చక్కెర ముత్యాలు చూపులకు ఇంపుగా ఉంటాయి. గట్టిగా, గుండ్రంగా ఉండే ఈ గింజలు చిన్న పిల్లల గొంతుకు అడ్డుపడే ప్రమాదముంది. అయిదేళ్లలోపు పిల్లలు వచ్చే వేడుకలో ముత్యాలకు బదులు క్రీము చుక్కలు పెట్టడం ఉత్తమం. ఆకారం నిలవడానికి గుచ్చిన పుల్లలు ఏవైనా ఉంటే లెక్కపెట్టుకుని, కోసేముందే అన్నీ తీసేయాలి.

మొదటి పుట్టినరోజు వేడుకలకు చుట్టాల ఇళ్ల నుంచి ఏడాది నిండని పసివారు కూడా వస్తుంటారు. అలాంటి పసివారికి తేనె కలిసిన కేకు గానీ, పూత గానీ నాలుకకు కూడా రాయకూడదు. తేనెలో ఉండే అవకాశమున్న బొటులిజం క్రిమి బీజాలు కేకు ఉడికే వేడికి చావవు. వేరుశనగ, జీడిపప్పు, గుడ్డు, పాలు పడని పిల్లలు ఎవరైనా ఉన్నారా అన్నది ఆహ్వానించేటప్పుడే వారి తల్లిదండ్రులను అడిగి తెలుసుకోవాలి.

చక్కెర లెక్క కూడా తెలిసి ఉండాలి. పైన చెప్పిన కొలతలతో వెన్న క్రీము వేసి చేసిన కేకును 30 ముక్కలు చేస్తే ఒక్కో ముక్కలో సుమారు 50 గ్రాముల చక్కెర ఉంటుంది. రోజు మొత్తం శక్తిలో చక్కెర వాటా 10 శాతం లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. అయిదేళ్ల పిల్లలకు ఆ లెక్కన రోజుకు సుమారు 35 గ్రాములే అవుతుంది. పిల్లలకు పెట్టేముందు పైనున్న ముద్ద పొరను వలిచేస్తే చక్కెర దాదాపు సగం తగ్గుతుంది. గలీబు తీసిన దిండులా లోపలి కేకు మాత్రమే చిన్న ముక్కగా పెడితే సరిపోతుంది.

కొవ్వొత్తులు వెలిగించిన సమయంలో నురగ చిమ్మే స్ప్రే డబ్బాలు దగ్గరకు రానివ్వకూడదు. వాటిలోని వాయువుకు నిప్పంటుకునే ప్రమాదముంది. ముందు కొవ్వొత్తి ఆర్పడం, కేకును పక్కకు జరపడం, తరువాతే ఆటలు అన్న నియమం పెట్టుకోవాలి.

రెండు రోజుల ప్రణాళిక

దిండు కేకు ఒక్క పూటలో అయ్యే పని కాదు. వేడుక నాటి ఉదయం మొదలుపెడితే చల్లబరచడానికి వ్యవధి చాలక పాడవుతుంది.

* రెండు రోజుల ముందు: కేకులు ఉడికించి, చల్లార్చి, చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. చక్కెర ముద్ద కలిపి ఉంచాలి. అచ్చు కత్తిరించుకోవాలి.

* ముందు రోజు ఉదయం: కోత, పేర్పు, మొదటి పూత, రెండో పూత.

* ముందు రోజు సాయంత్రం: ముద్ద కప్పడం, గళ్లు, ముడతలు, అంచు తాడు.

* వేడుక రోజు: కుచ్చులు, పేరు. మరే పనీ పెట్టుకోకూడదు.

కప్పిన కేకును ఫ్రిజ్‌లో నేరుగా పెట్టి తీస్తే పైన నీటి చెమ్మ పడుతుంది. అట్టపెట్టెలో ఉంచి పెడితే ఆ చెమ్మను అట్ట పీల్చుకుంటుంది. బయటకు తీశాక చెమ్మ కనిపించినా వేలితో తుడవకుండా ఫ్యాను గాలికి వదిలేస్తే ఆరిపోతుంది. తుడిస్తే రంగు మరకలు పడతాయి. పక్క ఊరికి తీసుకెళ్లాలంటే మోటారు సైకిలు మీద ఒళ్లో పెట్టుకోవడం కంటే కారు లేదా ఆటోలో సమతలంగా ఉన్న చోట, పెట్టె కింద తడిపి పిండిన గుడ్డ పరచి ఉంచడం క్షేమం. సీటు ఏటవాలుగా ఉంటుంది కనుక దానిపై పెడితే దిండు ఒక పక్కకు ఒరుగుతుంది.

అమ్మితే నమోదు తప్పదు

ఇంట్లో పిల్లల కోసం మొదలుపెట్టి, ఇరుగుపొరుగు వారి ఆర్డర్లతో ఆదాయం పొందుతున్న మహిళలు చిన్న పట్టణాల్లోనూ ఉన్నారు. ఇంటి కోసం చేసుకుంటే ఏ అనుమతీ అక్కర్లేదు. డబ్బు తీసుకుని ఒక్క కేకు అమ్మినా ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006 ప్రకారం చిన్న వ్యాపారిగా పేరు నమోదు చేసుకోవలసి ఉంటుంది. ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేసుకునే వీలుంది.

ధర నిర్ణయించేటప్పుడు సరుకుల ఖర్చు మాత్రమే లెక్కగట్టి నష్టపోవడం పరిపాటిగా మారింది. దిండు కేకుకు రెండు రోజుల వ్యవధిలో కనీసం ఏడెనిమిది గంటల చేతిపని పడుతుంది. గ్యాసు, కరెంటు, కోతలో పోయే ముక్కలు, పెట్టె, అట్ట ఖర్చుతో పాటు ఆ శ్రమకూ విలువ కట్టాలి. సగం సొమ్ము ముందుగా తీసుకోవడం, ఏయే పదార్థాలు వాడారో చీటీపై రాసి పెట్టెకు అంటించడం ఇద్దరికీ మేలు. పడని పదార్థమేదో కొన్నవారికి తెలుస్తుంది. అడిగినవారికి అమ్మినవారు తడబడకుండా సమాధానం చెప్పగలుగుతారు.

తొలిసారి చేసేవారు పుట్టినరోజుకు వారం పది రోజుల ముందు సగం కొలతలతో ఒక చిన్న దిండు చేసి చూసుకోవడం మంచిది. తమ ఇంటి ఓటీజీ లేదా కుక్కరు వేడి ఎంత, తమ ఊరి గాలికి ముద్ద ఎలా ఉంటుంది అన్నవి ఆ ఒక్క ప్రయత్నంతో తెలిసిపోతాయి. అసలు రోజున కత్తి ఎక్కడ ఆపాలో చేతికి ముందే తెలిసి ఉంటుంది.